ఏడో నెలలో కొన్న కారు

బీత్వాన్ ఎలాంటి మనిషని మా ఊళ్ళో ఎవరినడిగినా "ఆవిడా? ఒట్టి మొండిఘటం" అంటారు. నన్నడిగితే నేనూ అదే మాట అంటాను. కాకపోతే వాళ్ళు తిట్టినట్టు అంటారు, నేను మెచ్చుకున్నట్టు అంటాను. నాది వాళ్ళ పక్కిల్లే. ఇంటి ముందు టిఫిను కొట్టు నడుపుతాను, పొద్దున్నే గుడ్డు రొట్టెలు, సోయా పాలు. ఈ కౌహూ తీరంలో పుట్టే కబుర్లన్నీ నా పెనం ముందుకొచ్చి నిలబడతాయి. విన్నది కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు.

బీత్వాన్ మా ఊరికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ ఆల్చిప్పలు ఒలిచే పాకలోనే ఉంది. పొట్టి కత్తి పట్టుకుని పీట మీద కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు. మొగుడు కాలేయం జబ్బుతో పోయేనాటికి కొడుకు యావ్‌రెన్ తొమ్మిదేళ్ళవాడు. ఇప్పుడు ఇరవై నాలుగు. మనిషి తాడిచెట్టంత ఎదిగాడు, మనసు మాత్రం చిన్నపిల్లవాడిదే. వచ్చిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటికి తోడు ఫిట్స్. ఇంట్లో ఇంకొకావిడ ఉంది, ఎనభై దాటిన అత్తగారు. ఆవిడ పెద్దకొడుకు తెంగ్‌ఫాకి రెండు వీధుల అవతల మూడంతస్తుల ఇల్లుంది. ముసలావిడ అక్కడికి వెళ్ళదు. "ఆ ఇంట్లో మెట్లెక్కువ, మాటలు తక్కువ" అంటుంది.

బీత్వాన్ కొడుకుని ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా స్కూటరే. వాడిని వెనక కూర్చోబెట్టి, చంటిపిల్లల్ని వీపుకి కట్టుకునే గుడ్డతో తన నడుముకి కట్టుకునేది. కొత్త సంవత్సరం వెళ్ళిన కొత్తలో ఉప్పు మడుల పక్కన కట్ట మీద పోతుంటే వాడికి ఫిట్స్ వచ్చాయి. కట్టిన గుడ్డ ఊడలేదు, ఇద్దరూ కలిసే పడ్డారు. వాడి మోచేతికి కుట్లు పడ్డాయి, ఆవిడకి ముందు పన్ను ఊడింది. మర్నాడు వాచిన మూతితో నా కొట్టుకొచ్చింది.

"అక్కా, నేను కారు నేర్చుకుంటాను."

"నీకు యాభై ఆరేళ్ళొచ్చాయే!"

"అయితే యాభై ఏడు రాకముందే నేర్చుకోవాలి," అంది.

నేర్చుకుంది. పాకలో ఆడవాళ్ళు పడీపడీ నవ్వినా, మొదటిసారి పరీక్ష తప్పినా, డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు ఆవిడ పక్కన కూర్చోవడానికి భయపడినా మానలేదు. రెండోసారి పాసైంది. ఆరోజు పాకంతటికీ నా కొట్టులో టిఫిను పెట్టించింది. నవ్వినవాళ్ళే ఇంకో రొట్టె వెయ్యమని తిన్నారు.

ఇక పాతకారు ఒకటి వెతకాలి. మా ఊళ్ళో కారు గురించి సలహా కావాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు, అడగకముందే వచ్చి మీదపడతారు. అందరికంటే ముందు తెంగ్‌ఫా. ఆయన చేపల మేత లారీ నడుపుతాడు. లారీ నడిపేవాడికి లోకంలోని బండ్లన్నీ తెలుసని ఆయన గట్టి నమ్మకం. నా కొట్టు ముందు కాళ్ళు బారజాపుకుని కూర్చుని మొదలుపెట్టాడు.

"చూడమ్మాయ్, తెల్లది కొనకు, చావింటి రంగు. నల్లది కొనకు, ఎండకి లోపలున్నవాళ్ళు ఉడికిపోతారు. ఎర్రది కొంటే రెండేళ్ళకి వెలిసిపోతుంది."

"మరి ఏ రంగు కొనమంటారు బావగారూ?"

"తొందరపడొద్దంటున్నాను. ఇంకోటి విను. టీచర్లు వాడిన కారు కొనకు, వాళ్ళు బయటికి తియ్యరు, ఇంజిను బిగుసుకుపోతుంది. సరుకులమ్మేవాళ్ళు వాడిన కారు కొనకు, వాళ్ళు లోపల పెట్టరు, ఇంజిను అరిగిపోతుంది. నంబరులో నాలుగు ఉంటే అసలు ముట్టుకోకు, నాలుగంటే చావన్నట్టే వినపడుతుంది."

నాకు ఒళ్ళు మండింది. "అయితే ఎవరూ వాడని పాతకారు కొనాలన్నమాట. ఎక్కడమ్ముతారో చెప్పు, నేనూ ఒకటి కొనుక్కుంటాను!" అన్నాను. ఆయన నా వంక చూసి రొట్టెలో మిరపకాయ పచ్చడి ఎక్కువైందని వంక పెట్టాడు.

పాకలో ఆడవాళ్ళు వాళ్ళకి తోచింది వాళ్ళు చెప్పారు. తుపాను నీళ్ళలో మునిగిన బండేమో చూడాలి, బెల్టు చివరికంటా లాగితే బురద మరక బయటపడుతుందని ఒకావిడ. కాళ్ళ కింద చాప ఎత్తి చూడమని ఇంకొకావిడ. ఈ వయసులో నీకీ పిచ్చేమిటి, ఎవరినైనా బతిమాలి ఎక్కించుకుపొమ్మను అని మూడో ఆవిడ. బీత్వాన్ అన్నీ వింది. మూడో మాటకి మాత్రం కత్తి పక్కన పెట్టి, "బతిమాలి బతిమాలి నా నోరు అరిగిపోయింది వదినా. ఇంజిన్ల కంటే ముందు అదే అరిగింది," అంది.

సలహాలు ఇలా సాగుతుండగానే పట్టణం నుంచి ఫోను వచ్చింది. అక్కడ యావ్‌రెన్ లాంటి పిల్లలు పనిచేసే చిన్న కర్మాగారం ఒకటుంది. కోడిగుడ్డు బిస్కెట్లు చేసి డబ్బాల్లో పెడతారు. డబ్బాలు మడవడమంటే యావ్‌రెన్‌కి ప్రాణం. నా కొట్టులో ఖాళీ అట్టపెట్టె కనిపిస్తే చాలు, విప్పి మళ్ళీ మడుస్తాడు. అంచుకి అంచు కలిస్తేగాని కింద పెట్టడు. అక్కడ చోటు కోసం మూడేళ్ళుగా కాచుకుని ఉంది బీత్వాన్. ఇప్పుడు ఒక చోటు ఖాళీ అయింది. పున్నమి వెళ్ళాక వచ్చే సోమవారం నుంచీ రావాలి. రోజూ పొద్దున తీసుకొచ్చి సాయంత్రం తీసుకెళ్ళాలి. మొదటి రోజు రాకపోతే ఆ చోటు వెనకున్న వాళ్ళకి పోతుంది. మా ఊరి బస్సు మధ్యాహ్నానికి గాని కదలదు. ఒంటరిగా తిరగలేనివాళ్ళని తీసుకెళ్ళే సర్కారు వ్యాను ఏడాది చివరిదాకా నిండిపోయింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, అది ఏడో నెల.

చంద్రుడి లెక్కన వచ్చే ఈ ఏడో నెలలో మావాళ్ళు పెళ్ళి చెయ్యరు, ఇల్లు మారరు, కారు కొనరు. పాతాళం తలుపులు తెరుచుకుని, దిక్కూమొక్కూ లేక ఆకలితో తిరిగే ప్రేతాలన్నీ రోడ్ల మీదికొచ్చే నెల అది. ప్రేతాలని పైకి అనం. అన్నదమ్ములంటాం. వాళ్ళు వింటారు కదా. ఆ నెలలో కొత్తగా ఇంటికొచ్చిన బండిని వాళ్ళు తమదే అనుకుంటారని మా పెద్దల భయం.

ముసలావిడ కోడలి మాట వింటూనే ఒంటికాలి మీద లేచింది. "నా ప్రాణం పోయినా వీల్లేదు! ముందు మీ మామగారిని అడుగు." పూర్వీకుల పీఠం ముందు నిలబడి, అర్ధచంద్రుడి ఆకారంలో ఉండే రెండు చెక్కబిళ్ళల్ని నేలమీద వేసింది. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అవునన్నట్టు. రెండూ బోర్లా పడ్డాయి. మళ్ళీ వేసింది. మళ్ళీ బోర్లానే.

"చూశావా! మీ మామగారు వద్దంటున్నారు."

"మరి వాణ్ణి సోమవారం ఎవరు తీసుకెళ్తారో అడగండి అత్తమ్మా."

"అలా ఎలా అడుగుతానే? ఆయన అవుననో కాదనో తప్ప చెప్పలేరు."

"బతికున్నప్పుడూ అంతేగా," అంది బీత్వాన్.

గుమ్మంలో నిలబడ్డ నాకు నవ్వాగలేదు. ముసలావిడ బిళ్ళలు ఏరుకుని నన్నూ కోడల్నీ కలిపి తిట్టింది.

తెంగ్‌ఫా కూడా ఊరుకోలేదు. "ఈ నెల పోనివ్వు, నేనే మంచి బండి చూసిపెడతాను" అన్నాడు. ఆయన చూసిపెడతానన్న వస్తువులన్నీ ఇప్పటికీ ఎక్కడో చూడబడుతూనే ఉన్నాయి. బీత్వాన్ ఆ మాట చెవిన వేసుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం బస్సులో నన్నూ కొడుకునీ వెంటేసుకుని పెద్దరోడ్డు పక్కనున్న పాతకార్ల కొట్టుకి బయల్దేరింది.

కొట్టు ఓనరు ఖాంగ్ పొట్ట మీద విసనకర్ర పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఏడో నెలలో ఆయనకి అదే పని. మమ్మల్ని చూసి, "దారి తప్పారా?" అన్నాడు.

"కారు కొనడానికొచ్చాం."

"ఇప్పుడా?" లేచి కూర్చున్నాడు. "చూసుకోండమ్మా, మంచిదే. నచ్చింది చెప్పి పెట్టండి, వచ్చే నెల మొదట్లో తీసుకెళ్ళండి. అందరూ అలాగే చేస్తారు."

"నాకు సోమవారానికి కావాలి."

"ఏదైనా జరిగితే నా పేరు చెడుతుందమ్మా. ఖాంగ్ అన్నదమ్ముల నెలలో బండి అంటగట్టాడంటారు."

"ఏం జరిగినా నా మొండితనమే అంటారు, మీ పేరెవరికీ గుర్తుండదు. తలుపులు తియ్యండి," అంది.

మొదటి కారులోకి యావ్‌రెన్ ఎక్కనే ఎక్కలేదు, కిందే కూర్చున్నాడు. రెండోదాంట్లో ఎక్కీ ఎక్కగానే తలుపు గొళ్ళెం పీకి తెరిచాడు, అది పనికిరాదు. మూడోది బూడిదరంగు పాతబండి, వెనక తలుపు పైకి లేచేది. వాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. తను ఎడమపక్కనున్న స్టీరింగు ముందు కూర్చుంది. ఎడమచెయ్యి స్టీరింగు మీదనుంచి తియ్యకుండా, కుడిచేత్తో వాడి సీటుకి అవతల పక్కనున్న మీట లాగడానికి ఒరిగింది. సీటు వెనక్కి వాలిపోయింది. అదే చేత్తో వాడి భుజం పట్టి పక్కకి తిప్పింది. సీటు లేపి మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. వాడు అదేదో ఆట అనుకుని పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. ఆవిడ నుదుటి నుంచి చెమట కారుతోంది.

ఖాంగ్ నా పక్కకొచ్చి, "ఏం చూస్తోందమ్మా ఆవిడ? ఇంజిను చూడదా?" అని గొణిగాడు.

బీత్వాన్‌కి వినపడింది. "ఇంజిను చూస్తాం, అక్కకి తెలిసిన మెకానిక్కి చూపిస్తాం. ఇన్నాళ్ళుగా ఊరంతా నాకు సలహాలు చెబుతోంది. కారుకి ఏమవుతుందో అందరూ చెప్పారు. దార్లో నా కొడుక్కి ఏమవుతుందని ఒక్కళ్ళూ అడగలేదు. మూర్ఛ వచ్చిందనుకోండి, బండి పక్కకి ఆపేలోపు నా చెయ్యి వాడికి అందాలి. వాడు ఊపిరాడక పోకూడదు. నాకు కావలసిన కారు అది."

ఖాంగ్ తనే వెళ్ళి నూనె తెచ్చి ఆ మీటకి వేశాడు.

మెకానిక్ చూశాడు. అడుగున ఉప్పుగాలికి కాస్త తుప్పు పట్టింది, మిగతా అంతా బాగానే ఉందన్నాడు. బెల్టు చివరికంటా లాగాం, చాప ఎత్తాం, బురద లేదు. నంబరులో నాలుగు మాత్రం ఉంది. ఒకటి కాదు, రెండు. బీత్వాన్ దాన్ని చూసి, "రెండుంటే ఒకదానికొకటి తోడు," అంది.

కాగితాల పని తెమిలి బండి చేతికొచ్చేసరికి సరిగ్గా పున్నమి రోజైంది. ఏడో నెల పున్నమి అంటే అన్నదమ్ములకి విందు పెట్టే రోజు. మధ్యాహ్నానికి వీధిలో ప్రతి ఇంటి ముందూ బల్లలు వేశారు. ఉడికించిన కోడి, బాతు, పళ్ళు, బిస్కెట్లు, బీరు డబ్బాలు, ప్రతి పళ్ళెంలోనూ ఒక్కో అగరుబత్తి. ముఖం కడుక్కోవడానికి బేసిన్లో నీళ్ళు, పక్కన కొత్త తువ్వాలు. బీత్వాన్ గుమ్మం ముందు బల్ల దగ్గర ముసలావిడ, తెంగ్‌ఫా, ఆయన భార్యాపిల్లలు ఉన్నారు. యావ్‌రెన్ అరుగు మీద కూర్చుని తగలబెట్టే పసుపు కాగితాలు మడుస్తున్నాడు. నేను మా బల్ల దగ్గర ఉన్నాను. అగరుపొగలోంచి బూడిదరంగు కారు మెల్లగా వీధిలోకి వచ్చింది. లోపల స్టీరింగుని పట్టుకుని వేలాడుతున్నట్టు బీత్వాన్. వీధి వీధంతా చేస్తున్న పని ఆపేసింది.

బండి ఆగీ ఆగకముందే తెంగ్‌ఫా అడ్డంగా వచ్చాడు.

"నీకు బుద్ధుందా? ఇవాళే దొరికిందా?"

"ఇవాళే చేతికొచ్చింది బావగారూ."

"వీధినిండా అన్నదమ్ములున్నారు! ఖాళీ సీటు కనిపిస్తే ఎక్కి కూర్చుంటారు, తర్వాత దిగమన్నా దిగరు. ఈ గుమ్మం ముందు ఇది పెట్టడానికి వీల్లేదు. తీసుకెళ్ళి ఆ అమ్మినవాడి మొహాన కొట్టు. వచ్చే నెల వస్తామని ఆ బిస్కెట్లవాళ్ళకి చెప్పు."

"వచ్చే నెల ఆ చోటు ఉండదు."

"ఉండకపోతే కొంప మునిగిందా? ఇన్నేళ్ళూ ఇంట్లోనే ఉన్నాడుగా! వాడికేమైనా తెలుస్తుందా?"

యావ్‌రెన్ కాగితం మడవడం ఆపి పెదనాన్న వంక చూశాడు. బీత్వాన్ కారు దిగింది. ఆవిడ గొంతు అంత పెద్దదని ఆరోజు దాకా నాకూ తెలియదు.

"తెలుస్తుంది! మీరు వాణ్ణి మీ కారులో ఎక్కించుకుంది ఒక్కసారి, సమాధుల పండగకి. సీటు పాడవుతుందని మేత గోనెసంచి పరిచి దాని మీద కూర్చోబెట్టారు. దారిపొడవునా వాడు ఆ గోనె కిందనుంచి లాగేస్తూనే ఉన్నాడు. తెలియకపోతే ఎందుకు లాగుతాడు? ఇవాళ మనం ఎవరికి వడ్డిస్తున్నాం బావగారూ? ఎవరూ లేనివాళ్ళకి, ఏ ఇంట్లోనూ చోటు లేనివాళ్ళకి! వాళ్ళకి కోడి, బాతు, బీరు, తుడుచుకోవడానికి కొత్త తువ్వాలు! నా కొడుక్కి మీరంతా ఉన్నారు. పెదనాన్న ఉన్నాడు, ఇంటిపేరు ఉంది. వాడికి మాత్రం గోనెసంచి! ఇన్నేళ్ళుగా దిక్కులేనివాణ్ణి పక్కలో పెట్టుకుని పడుకుంటున్నదాన్ని, ఈ అన్నదమ్ముల్ని చూసి భయపడతానా నేను?"

అని నాలుగు తలుపులూ బార్లా తెరిచింది. వెనక తలుపు కూడా ఎత్తింది. వీధి వైపు తిరిగి కేక పెట్టింది.

"రండి! ఎక్కే వాళ్ళంతా ఎక్కండి! సోమవారం పొద్దున ఏడింటికి పట్టణం వెళ్తున్నాం. వెనకంతా ఖాళీయే. ముందు సీటు మాత్రం నా కొడుకుది, దాని జోలికొచ్చారో, చచ్చినవాళ్ళని కూడా చూడను!"

ఎవరో చంటిపిల్లని లోపలికి లాక్కెళ్ళారు. తెంగ్‌ఫా మొహం కందగడ్డలా అయింది. "అమ్మా, నువ్వైనా చెప్పు!" అన్నాడు. ముసలావిడ చేతిలో అగరుబత్తి పట్టుకుని పీట మీద అలాగే కూర్చుంది. ఆయన భార్యనీ పిల్లల్నీ లేపి, "రేపేదైనా అయితే నా గుమ్మం తొక్కకు," అని వెళ్ళిపోయాడు.

"ఎప్పుడు తొక్కాను?" అంది బీత్వాన్. బండి తలుపులు మాత్రం విందు అయ్యేదాకా మూయనివ్వలేదు.

ఆ తర్వాత ముసలావిడ కోడలితో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది, కంచం తోసేది. నా కొట్టుకొచ్చి సోయా పాలు తాగుతూ, "అంత నోరు చేసి పిలిచింది. వచ్చే ఉంటారు. పిలిస్తే రాకుండా ఉంటారా?" అని కారు వంక ఓరగా చూసేది. ఆ పక్కనుంచి నడవాలన్నా చుట్టూ తిరిగి వెళ్ళేది. ఆవిడ భయం నటన కాదు. చిన్నప్పటి నుంచీ అన్నదమ్ముల్ని తను కళ్ళారా చూస్తున్నానని చెప్పే మనిషి.

సోమవారం పొద్దున పెనం మంట తగ్గించి నేనూ బయటికొచ్చాను. యావ్‌రెన్ కొత్త టోపీ పెట్టుకుని, అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. బీత్వాన్ బెల్టు రెండుసార్లు లాగి చూసి తన సీట్లో కూర్చుంది. అంతలో ఇంట్లోంచి ముసలావిడ వచ్చింది. పెళ్ళిళ్ళకి వేసుకునే పూల చొక్కా, మెళ్ళో గుడి తాయెత్తు, చంకలో సంచి.

"ఎక్కడికి అత్తమ్మా?"

"ఎక్కడికేమిటి? నువ్వు వాళ్ళందరినీ పిలిచావుగా, వెనక ఎక్కి కూర్చున్నారు. వాళ్ళని వాడి వీపు వెనక పెట్టి పంపించి, నేనింట్లో కూర్చోనా?"

"ఏమమ్మా, నీకు భయం లేదూ?" అన్నాను నేను.

"ఎందుకు లేదు? చెయ్యి చూడు," అని చాపింది. ఎండుటాకులా వణుకుతోంది. ఆ చేత్తోనే వెనక తలుపు తీసింది. ఎవరూ లేని సీటు మీదికి వంగి గట్టిగా గదమాయించింది.

"ఏయ్, జరగండి! ఇంకా జరగండి. ఈ పిల్లాడి నానమ్మని నేను."